‘పెర్మ్ మొదలైంది’ అంటే గ్రీన్‌కార్డ్ లైన్లో నిలబడినట్టేనా?

అమెరికాలో ఉద్యోగం చేస్తున్న అబ్బాయిల, అమ్మాయిల పెళ్లి బయోడేటాల్లో ఎత్తు, గోత్రం, జీతం పక్కన ఇప్పుడు మరో వివరం కూడా కనిపిస్తోంది. కొందరు ‘హెచ్-1బీ, ఐ-140 అప్రూవ్డ్’ అని రాస్తున్నారు. మరికొందరు ‘గ్రీన్‌కార్డ్ ప్రాసెస్‌లో ఉంది’ అని రాస్తున్నారు. మొదటి మాటకు కచ్చితమైన అర్థం ఉంది. రెండోదానికి లేదు. కంపెనీ లాయర్ ఒక ఈమెయిల్ పంపినా ప్రాసెస్ మొదలైనట్టే చెప్పుకోవచ్చు. కానీ అమెరికా ప్రభుత్వ రికార్డుల్లో ఆ మనిషి పేరు మీద ఇంకా ఒక్క కాగితం కూడా ఉండకపోవచ్చు.

ఈ గందరగోళానికి మూలం మొదటి దశలోనే ఉంది. దాని పేరు లేబర్ సర్టిఫికేషన్. అందరూ వాడే పేరు ‘పెర్మ్’. మూడు దశల ప్రయాణంలో ఇది మొదటిది. ఆ తర్వాత కంపెనీ వేసే ఐ-140 పిటిషన్, చివర్లో ఉద్యోగి స్వయంగా వేసుకునే ఐ-485 లేదా భారత్‌లోని కాన్సులేట్‌లో ఇంటర్వ్యూ ఉంటాయి. ఐ-140 గురించి అందరూ మాట్లాడతారు. పెర్మ్ గురించి మాత్రం చాలామందికి తెలిసేది ఏదైనా తేడా వచ్చినప్పుడే.

పెర్మ్ అంటే ఏంటి?

ఒక అమెరికన్ కంపెనీ విదేశీయుడికి శాశ్వత ఉద్యోగం ఇవ్వాలంటే అక్కడి కార్మిక శాఖ ముందుగా రెండు విషయాలు ధ్రువీకరించాలి. ఆ ప్రాంతంలో, ఆ పనికి అర్హత ఉండి, చేయడానికి సిద్ధంగా ఉన్న అమెరికన్ కార్మికుడు దొరకలేదన్నది మొదటిది. ఈ విదేశీయుణ్ని తీసుకోవడం వల్ల అదే పని చేసే ఇతరుల జీతాలు, పని పరిస్థితులు దెబ్బతినవన్నది రెండోది. ఇక్కడ అమెరికన్ కార్మికుడు అంటే పౌరులే అనుకోకూడదు. గ్రీన్‌కార్డ్ ఉన్నవారు, శరణార్థులుగా, ఆశ్రయం పొందినవారిగా ఉన్నవాళ్లు కూడా ఆ లెక్కలోకి వస్తారు. అంటే నిన్నటిదాకా హెచ్-1బీ మీద ఉండి ఇవాళ గ్రీన్‌కార్డ్ వచ్చిన మీ పాత రూమ్మేట్ కూడా మీ పెర్మ్ ప్రకటనకు దరఖాస్తు చేయొచ్చు.

ప్రస్తుత ఎలక్ట్రానిక్ విధానం 2005 మార్చి 28 నుంచి అమల్లో ఉంది. 2023 జూన్ నుంచి దరఖాస్తులన్నీ ‘ఫ్లాగ్’ అనే పోర్టల్‌లో, ఈటీఏ-9089 అనే ఫారం కొత్త రూపంలో వేస్తున్నారు.

అందరికీ ఇది అవసరం లేదు. ఈబీ-1 కేటగిరీ వాళ్లకు, ఈబీ-2లో ‘నేషనల్ ఇంట్రెస్ట్ వెయివర్’ కింద వెళ్లేవాళ్లకు పెర్మ్ ఉండదు. నర్సులు, ఫిజియోథెరపిస్టుల కొరత ఉందని కార్మిక శాఖే ముందుగా నిర్ణయించి ‘షెడ్యూల్ ఎ’లో పెట్టింది కాబట్టి, వారి విషయంలో ప్రకటనలిచ్చి మనుషుల్ని వెతకాల్సిన పని లేదు. మన సాఫ్ట్‌వేర్ ఉద్యోగుల్లో ఎక్కువమంది మాత్రం ఈ గేటు దాటాల్సిందే.

లెక్క జీతంతో మొదలు

కంపెనీ ముందుగా ఈటీఏ-9141 అనే ఫారం వేసి, ఆ ఊళ్లో ఆ ఉద్యోగానికి ఎంత జీతం నడుస్తోందో చెప్పమని కార్మిక శాఖను అడుగుతుంది. దీన్ని ప్రివెయిలింగ్ వేజ్ అంటారు. ఉద్యోగానికి అడిగిన చదువు, అనుభవం, బాధ్యతలను బట్టి నాలుగు స్థాయిల్లో ఒక అంకె వస్తుంది. ఈ ఒక్క జవాబు రావడానికే ఇటీవలి కాలంలో నెలలు పడుతోంది.

చాలామంది అపోహ పడేది ఇక్కడే. ‘నా జీతం ఆ అంకె కంటే తక్కువ ఉంది, నా పెర్మ్ పోయినట్టే’ అనుకుంటారు. పెర్మ్ భవిష్యత్తులోని ఉద్యోగానికి సంబంధించింది. ఆ జీతం ఇస్తామని కంపెనీ హామీ ఇవ్వాలి. గ్రీన్‌కార్డ్ చేతికొచ్చే నాటికి ఇచ్చి తీరాలి. అంత ఇవ్వగల స్తోమత పెర్మ్ ఫైల్ అయిన రోజు నుంచీ ఉందని ఐ-140 దశలో నిరూపించాలి. చిన్న కన్సల్టెన్సీలు తరచూ ఇరుక్కునేది ఈ చివరి మెలిక దగ్గరే.

కుర్చీలో మనిషి ఉండగానే ప్రకటన

జీతం తేలాక నియామక ప్రయత్నం మొదలవుతుంది. రాష్ట్ర ఉపాధి కార్యాలయం జాబితాలో ఆ ఉద్యోగాన్ని 30 రోజులు ఉంచాలి. రెండు వేర్వేరు ఆదివారాల్లో ఆ ప్రాంత దినపత్రికలో ప్రకటన ఇవ్వాలి. డిగ్రీ అవసరమైన ఉద్యోగమైతే వీటికి తోడు మరో మూడు మార్గాలు ఎంచుకోవాలి. కంపెనీ వెబ్‌సైట్, జాబ్ పోర్టళ్లు, జాబ్ ఫెయిర్లు, ఉద్యోగుల రిఫరల్ పథకం, స్థానిక లేదా ఒక భాష, జాతివారి పత్రికలు వగైరా పది మార్గాలను నిబంధనలు ఇచ్చాయి. ఆఫీసులో పది పనిదినాల పాటు నోటీసు కూడా అంటించాలి. పత్రిక ప్రకటనలో జీతం చెప్పనక్కర్లేదు కానీ ఈ నోటీసులో చెప్పాలి. పక్క సీటు మనిషి జీతం ఎంతో కాఫీ మెషిన్ దగ్గర గోడ మీద కనబడేది అందుకే.

ఆ తర్వాత కనీసం 30 రోజులు ఆగి, వచ్చిన దరఖాస్తులను పరిశీలించి, మొదటి ప్రకటన ఇచ్చిన నాటి నుంచి 180 రోజులు దాటకుండా పెర్మ్ ఫైల్ చేయాలి. అప్పటికల్లా చేయకపోతే ఆ ప్రకటనలు చెల్లవు. 2025 అక్టోబర్‌లో అమెరికా ప్రభుత్వం షట్‌డౌన్ అయినప్పుడు ఫ్లాగ్ పోర్టల్ కూడా మూతపడింది. పెర్మ్ వేసే దారే వారాల తరబడి లేకుండా పోయింది. ప్రకటనల గడువు దగ్గరపడ్డ కేసుల్లో లాయర్లకు నిద్ర కరువైంది ఆ రోజుల్లోనే.

ఇప్పుడు అసలు చిక్కు. ఈ ప్రకటనలు ఇచ్చేది ఖాళీగా ఉన్న ఉద్యోగానికి కాదు. ఆ కుర్చీలో మూడు నాలుగేళ్లుగా ఒక మనిషి కూర్చుని పనిచేస్తూనే ఉంటాడు. కంపెనీకి అతడు కావాలి. అయినా అతడి స్థానంలో ఎవరైనా అమెరికన్ దొరుకుతారేమో నిజాయతీగా వెతికానని అదే కంపెనీ ప్రమాణం చేయాలి. పోలిక కూడా ‘మీకంటే మెరుగైనవాడు ఉన్నాడా’ అని కాదు. ఉద్యోగానికి రాసిన కనీస అర్హతలు ఉన్న అమెరికన్ ఒక్కడు ముందుకొస్తే చాలు, పెర్మ్ ఆగిపోతుంది. అతణ్ని ఉద్యోగంలోకి తీసుకోవాల్సిన నిర్బంధం కంపెనీకి లేదు. మిమ్మల్ని తీసేయాల్సిన పనీ లేదు. కానీ ఆ పెర్మ్ ఫైల్ చేయడానికి వీల్లేదు. చాలా కంపెనీలు కొన్ని నెలలు ఆగి మళ్లీ మొదటి నుంచి ప్రయత్నిస్తాయి.

ఎవరికీ నచ్చని ఏర్పాటిది. అవసరమైన ఉద్యోగులు కంపెనీకి ముందే ఉన్నారు. అమెరికన్ నిరుద్యోగి తనకు దక్కే అవకాశం దాదాపు లేని ఉద్యోగానికి రెజ్యూమె పంపుతున్నాడు. మన ఉద్యోగికేమో, ఎవరో ఒక అపరిచితుడి దరఖాస్తు మీద తన భవిష్యత్తు ఆధారపడి ఉంది. పైగా అతడు దరఖాస్తు చేశాడన్న సంగతి కూడా తనకు తెలియకపోవచ్చు.

ఫేస్‌బుక్, యాపిల్ ఎందుకు డబ్బు కట్టాయి?

పెర్మ్ ఉద్యోగాలను ఎవరూ చూడని చోట దాచిపెడుతున్నారన్న ఆరోపణ కొత్తది కాదు. 2020 డిసెంబర్‌లో అమెరికా న్యాయ శాఖ ఫేస్‌బుక్ మీద కేసు వేసింది. మామూలు ఉద్యోగాలకు ఆన్‌లైన్‌లో దరఖాస్తులు తీసుకునే ఆ కంపెనీ, పెర్మ్ ఉద్యోగాలకు మాత్రం పోస్టులో పంపమందని, తన కెరీర్స్ పేజీలో వాటిని పెట్టలేదని ఆరోపించింది. 2600కు పైగా ఉద్యోగాలు ఇందులో ఉన్నాయి. 2021 అక్టోబర్‌లో సెటిల్‌మెంట్ కుదిరింది. 47.5 లక్షల డాలర్ల జరిమానా, నష్టపోయినవారికి గరిష్ఠంగా 95 లక్షల డాలర్లు కట్టడానికి ఫేస్‌బుక్ ఒప్పుకుంది. 2023 నవంబర్‌లో ఇలాంటి ఆరోపణలపైనే యాపిల్ మొత్తం 2.5 కోట్ల డాలర్ల వరకూ చెల్లించేందుకు అంగీకరించింది.

గమనించాల్సింది ఏంటంటే, ఆదివారం పత్రికలో ప్రకటన ఇవ్వమని చెప్పింది నిబంధనలే. ఆ షరతులు రాసింది 2004లో. ఈ రోజుల్లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం కోసం ఆదివారం పేపర్ తిరగేసేవాళ్లు ఎవరు? కానీ న్యాయ శాఖ వాదన మరోలా ఉంది. కార్మిక శాఖ చెప్పిన కనీస తంతు పూర్తిచేస్తే సరిపోదు, మిగతా ఉద్యోగాలకు ఎలా మనుషుల్ని వెతుకుతారో వీటికీ అలాగే వెతకాలి అంటుంది. అప్పటినుంచి పెద్ద కంపెనీలు పెర్మ్ ఉద్యోగాలను తమ వెబ్‌సైట్లలో బహిరంగంగా పెట్టడం పెరిగింది. పత్రికల మూలల్లో వచ్చే ఈ ప్రకటనలను ఏరి ఒకచోట పెట్టి, దరఖాస్తు చేయమని అమెరికన్లను ప్రోత్సహించే వెబ్‌సైట్ కూడా 2025లో వార్తల్లోకి వచ్చింది. రెజ్యూమెలు ఎక్కువ వస్తే పెర్మ్ ఆగిపోయే కేసులూ ఎక్కువవుతాయి. న్యాయంగా చూస్తే అమెరికన్ అభ్యర్థికి ఆ ప్రకటన కనబడాల్సిందే. దాని భారం మాత్రం ప్రకటన ఎక్కడ వేయాలో నిర్ణయించే అధికారం లేని ఉద్యోగి మీద పడుతోంది.

మీ తేదీ ఎప్పుడు ఖాయమవుతుంది?

గ్రీన్‌కార్డ్ లైన్లో మీ స్థానాన్ని చెప్పేది ప్రయారిటీ డేట్. పెర్మ్ దరఖాస్తు కార్మిక శాఖకు ఏ రోజు అందిందో అదే ఆ తేదీ. లాయర్‌తో మాట్లాడిన రోజు, జీతం లెక్క అడిగిన రోజు, పేపర్‌లో ప్రకటన వచ్చిన రోజు ఇవేవీ లెక్కలోకి రావు. అంటే ‘పెర్మ్ మొదలైంది’ అని ఇంట్లో చెప్పిన రోజుకూ, నిజంగా లైన్లో నిలబడిన రోజుకూ మధ్య ఏడాది దాకా తేడా ఉండొచ్చు.

మీ కేసు ఎక్కడుందో తెలుసుకోవడానికి ఒక సులువైన గుర్తు ఉంది. హెచ్‌ఆర్ లేదా లాయర్ ఇచ్చిన కేస్ నంబర్ చూడండి. పీ-100తో మొదలైతే అది జీతం లెక్క కోసం వేసిన దరఖాస్తు మాత్రమే. జీ-100తో మొదలైతే పెర్మ్ ఫైల్ అయినట్టు. ఏ నంబరూ ఇవ్వకుండా ‘ఇన్ ప్రాసెస్’ అంటున్నారంటే మరోసారి అడగాల్సిందే.

ఆ తేదీ ఎందుకంత విలువైనదో వీసా బులెటిన్ చూస్తే తెలుస్తుంది. ఉద్యోగ కేటగిరీల్లో ఏడాదికి ఇచ్చే గ్రీన్‌కార్డులు దాదాపు లక్షా 40 వేలు. భార్యాభర్తలు, పిల్లలు కూడా ఇందులోనే. ఒక దేశానికి సాధారణంగా 7 శాతానికి మించి ఇవ్వరు. 2025లో వచ్చిన బులెటిన్లలో భారతీయుల ఈబీ-2, ఈబీ-3 తుది తేదీలు 2012, 2013 దగ్గరే తచ్చాడాయి. ఇంత పొడవైన లైన్లో ఆరు నెలల ఆలస్యం ఆరు నెలలతోనే పోతుందన్న హామీ లేదు.

తేదీ పడినంత మాత్రాన అది మీ సొంతమైపోదు. పెర్మ్ ఆమోదం పొందాక 180 రోజుల్లోపు కంపెనీ ఐ-140 వేయాలి. వేయకపోతే పెర్మ్ చెల్లదు, తేదీ కూడా పోతుంది. ఐ-140 ఆమోదం పొందాక మాత్రం పరిస్థితి మారుతుంది. ఆ తర్వాత మీరు కంపెనీ మారితే కొత్త కంపెనీ పెర్మ్ మళ్లీ మొదటి నుంచి చేయాలి. కానీ పాత తేదీ మీతోనే వస్తుంది. మోసం, తప్పుడు సమాచారం, పెర్మ్ రద్దు, అధికారుల వైపు నుంచి తీవ్రమైన పొరపాటు వంటి కారణాలతో ఐ-140ని రద్దు చేస్తే తప్ప దాన్ని ఎవరూ తీసుకోలేరు. బయోడేటాలో ‘ఐ-140 అప్రూవ్డ్’ అన్న మాటకు విలువ వచ్చింది ఇందుకే.

ఆరేళ్ల గడియారం

హెచ్-1బీ మీద మామూలుగా ఆరేళ్లే ఉండొచ్చు. పెర్మ్ ఫైల్ అయి 365 రోజులు గడిచినవారికి ఆరేళ్ల తర్వాత ఏడాది చొప్పున, ఐ-140 ఆమోదం పొంది వీసా నంబర్ కోసం ఎదురుచూస్తున్నవారికి మూడేళ్ల చొప్పున పొడిగింపు ఇస్తారు. 2000 నాటి చట్టం కల్పించిన వెసులుబాటు ఇది.

ఒక ఊహా ఉదాహరణ చూద్దాం. 2021 అక్టోబర్ 1న హెచ్-1బీ మొదలైన ఉద్యోగికి ఆరేళ్లు 2027 సెప్టెంబర్ 30తో ముగుస్తాయి. పెర్మ్ మీద ఏడాది పొడిగింపు విరామం లేకుండా కావాలంటే 2026 సెప్టెంబర్ చివరికల్లా అది ఫైల్ అయి ఉండాలి. దానికి ముందు ప్రకటనలకు, ఆగాల్సిన గడువుకు కలిపి రెండు మూడు నెలలు. అంతకుముందు జీతం లెక్కకు ఓ ఆరు నెలలు వేసుకుంటే, పని 2025 చివర్లోనే మొదలవ్వాలి. మధ్యలో ఒక అమెరికన్ అభ్యర్థి వచ్చి ప్రకటనలు మళ్లీ ఇవ్వాల్సి వస్తే ఆ లెక్క కూడా చాలదు. ఇండియాలో గడిపిన రోజులను ఆరేళ్లలోంచి మినహాయించుకునే వీలుంది కాబట్టి పాత బోర్డింగ్ పాస్‌లు పారేయకండి.

‘రెండేళ్లు పనిచేశాక చూద్దాం’ అనే కంపెనీలు ఉన్నాయి. పెర్మ్ చేయించడం ఉద్యోగి హక్కు కాదు, కంపెనీ ఇష్టం. అందుకే ఆఫర్ లెటర్ మీద సంతకం పెట్టేముందే ‘ఎప్పుడు మొదలుపెడతారు’ అని అడగడం కాకుండా ‘ఎప్పటికల్లా ఫైల్ చేస్తారు’ అని అడగడం మేలు.

లే-ఆఫ్‌లు వస్తే?

పెర్మ్ వేయడానికి ముందు ఆరు నెలల్లో అదే ప్రాంతంలో, అదే తరహా ఉద్యోగాల్లో కంపెనీ ఎవరినైనా తీసేసి ఉంటే, ఆ అమెరికన్ మాజీ ఉద్యోగులకు విషయం చెప్పి వారిని పరిగణనలోకి తీసుకోవాలి. వందలమందిని తీసేసిన కంపెనీ ‘మాకు అర్హులు దొరకలేదు’ అనడం కష్టం. 2023లో పలు పెద్ద టెక్ కంపెనీలు పెర్మ్‌లు ఆపేయడానికి ఇదే కారణం. మీ ఉద్యోగం భద్రంగానే ఉన్నా, పక్క టీమ్‌లో లే-ఆఫ్‌లు మీ తేదీని వెనక్కి నెట్టగలవు.

పోయింది మీ ఉద్యోగమే అయితే, పెండింగ్‌లో ఉన్న పెర్మ్ ఇక మీకు పనికిరాదు. హెచ్-1బీ మీద కొత్త ఉద్యోగం వెతుక్కోవడానికి గరిష్ఠంగా 60 రోజులు ఉంటాయి. ఐ-140 ఆమోదం పొంది ఉంటే తేదీ నిలుస్తుంది. అయితే ఆమోదం వచ్చిన 180 రోజుల్లోపే కంపెనీ దాన్ని వెనక్కి తీసుకుంటే, ఆ ఐ-140 చూపించి ఆరేళ్ల తర్వాతి పొడిగింపు అడగడం కుదరదు.

ఖర్చు ఎవరిది?

కంపెనీదే. ప్రకటనల ఖర్చు, పెర్మ్ కోసం లాయర్ ఫీజు ఉద్యోగి నుంచి వసూలు చేయడాన్ని 2007 జూలై 16 నుంచి నిషేధించారు. జీతంలో కోత పెట్టి రాబట్టడం కూడా ఈ నిషేధం కిందికే వస్తుంది. పెర్మ్ దరఖాస్తుకు కార్మిక శాఖ అసలు ఫీజే తీసుకోదు. కాబట్టి ‘పెర్మ్ గవర్నమెంట్ ఫీజు’ అని ఎవరైనా డాలర్లు అడిగితే, ఆ డాలర్లు వెళ్లేది ప్రభుత్వానికి కాదు. ఐ-140, ఐ-485 దశల ఖర్చుల సంగతి వేరు.

అదే ఉత్తర్వుతో మరో వ్యాపారమూ ఆగింది. అంతకుముందు ఒకరి పేరు మీద వచ్చిన లేబర్ సర్టిఫికేషన్‌ను కంపెనీ ఇంకొకరి పేరుకు మార్చేది. పాత తేదీ ఉన్న ‘లేబర్’కు బేరాలు నడిచాయన్న ఫిర్యాదులుండేవి. ఆనాటి సీనియర్లు ‘సబ్‌స్టిట్యూషన్ లేబర్’ అనే మాట ఇప్పటికీ వాడతారు. ఇప్పుడు అలాంటిది ఇప్పిస్తామని ఎవరైనా చెబితే నమ్మొద్దు.

హైదరాబాద్ నుంచి వెళ్లే కాగితాలు

పెర్మ్ అమెరికాలో జరిగినా, దానికి కావాల్సిన రుజువులు చాలావరకూ ఇక్కడి నుంచే వెళ్తాయి. ఇప్పుడు పనిచేస్తున్న కంపెనీలో సంపాదించిన అనుభవాన్ని అదే కంపెనీ పెర్మ్‌లో అర్హతగా చూపించడం సాధారణంగా కుదరదు. కాబట్టి ‘ఐదేళ్ల అనుభవం’ అని రాస్తే, అది మాదాపూర్‌లోనో బెంగళూరులోనో చేసిన పాత ఉద్యోగాల నుంచి రావాలి. ఆ కంపెనీ లెటర్‌హెడ్ మీద చేరిన తేదీ, మానేసిన తేదీ, చేసిన పని వివరాలతో లేఖ ఉండాలి. రిలీవింగ్ లెటర్ ఒక్కటే చాలదు. మూడేళ్ల డిగ్రీ వాళ్లు అది అమెరికా నాలుగేళ్ల డిగ్రీకి సమానమవుతుందో లేదో ఉద్యోగ అర్హతలు రాయకముందే లాయర్‌తో తేల్చుకోవాలి. పెర్మ్ ఫైల్ అయ్యాక ఆ అర్హతలు మార్చడానికి వీలుండదు.

కంపెనీ యజమానులతో బంధుత్వం ఉందా అని కూడా ఫారంలో అడుగుతారు. బావగారి కన్సల్టెన్సీ అయితే ఆ సంగతి దాచకూడదు. బంధుత్వం ఉంటే కేసు పోయినట్టే అని కాదు, దాస్తే మాత్రం పోతుంది. పెట్టుడు అనుభవం సంగతి ఇంకా తీవ్రం. డబ్బిస్తే ఎక్స్‌పీరియన్స్ లెటర్లు ఇచ్చేవాళ్లు మన దగ్గర ఉన్నారన్నది రహస్యమేమీ కాదు. వలస చట్టం ప్రకారం ఉద్దేశపూర్వకంగా తప్పుడు సమాచారం ఇచ్చినట్టు తేలితే ఆ మచ్చకు కాలపరిమితి లేదు. పదిహేనేళ్ల తర్వాత గ్రీన్‌కార్డ్ ఇంటర్వ్యూలో కూడా అది బయటికి రావొచ్చు.

పనిచేసిన కంపెనీ మూతపడితే దారి లేదనుకోనక్కర్లేదు. అప్పట్లో కలిసి పనిచేసిన సహోద్యోగి లేదా మేనేజర్ ఇచ్చే అఫిడవిట్‌తో పాటు జీతం స్లిప్పులు, ఫారం-16లు, పీఎఫ్ పాస్‌బుక్ జత చేసి ఐ-140 దశలో చూపించుకోవచ్చు. ఆ మేనేజర్ ఫోన్ నంబర్ ఇంకా పనిచేస్తోందో లేదో పెర్మ్ ఫైల్ కాకముందే ఒకసారి చూసుకోండి.